విజయనగరం నుంచి నాసా ఏడీఎస్: నెల రోజులు వాడి చూశాక

ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం. ఈసారి మా డిగ్రీ కళాశాలలో ప్రసంగించే బాధ్యత నాకు అప్పగించారు. నేను గణితం చెబుతాను. విశ్వశాస్త్రంలో, అంటే కాస్మాలజీలో, మనవాళ్లు చేసిన పని గురించి మాట్లాడతానని నేనే చెప్పాను. రాయ్‌చౌధురి, నార్లీకర్, పద్మనాభన్, ఈ ముగ్గురు చాలనుకున్నాను. బొమ్మలు, పటాలు సిద్ధం చేయడానికి నాతో కూర్చున్న బి.ఎస్సీ. చివరి సంవత్సరం అమ్మాయి రెండో రోజే అడిగింది: “మేడమ్, ముగ్గురూ గొప్పవాళ్లే అంటున్నారు కదా, ఎవరి పని ఎంత దూరం వెళ్లిందో చూసే దారి ఏదైనా ఉందా?”

ఉంది. ఆ దారి పేరు ఆస్ట్రోఫిజిక్స్ డేటా సిస్టమ్, పొట్టిగా ఏడీఎస్. నాసా నిధులతో, అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో స్మిత్సోనియన్ ఖగోళ పరిశోధనశాల నడుపుతోంది. 1990ల మొదట్లో మొదలైంది. ఖగోళ, భౌతిక శాస్త్రాల పరిశోధన పత్రాలు ఎవరు రాశారు, ఎక్కడ అచ్చయ్యాయి, తర్వాత వాటిని ఎవరెవరు ఉటంకించారు అనేది ఇక్కడ చూడవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు, వెతకడానికి ఖాతా కూడా అక్కరలేదు. పేరు తెలిసినా ఒక సాయంత్రం నిలకడగా వాడింది ఎన్నడూ లేదు. ఈ జనవరి చివరి నుంచి నెల రోజులు మాత్రం వదలకుండా వాడాను. నాలాగా చిన్న ఊళ్లో ఉండి పెద్ద గ్రంథాలయం అందుబాటులో లేనివారికి పనికివస్తుందని రాస్తున్నాను.

ఈ సేవ విలువ నాకు ఎందుకు అంతగా తెలిసిందో ముందు చెప్పాలి. ఎం.ఫిల్. రోజుల్లో నేను తెల్లవారుజామున విజయనగరంలో పాసింజరు ఎక్కి విశాఖపట్నం వెళ్లేదాన్ని. ఆంధ్ర విశ్వవిద్యాలయం వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో బౌండు చేసిన పాత సంచికలు తెరిచి, ఒక పత్రం చివర ఇచ్చిన ఆధారాల జాబితా నోటు పుస్తకంలో ఎక్కించుకునేదాన్ని. ఆ జాబితాలోని పాత పత్రం పట్టుకుంటే దాని చివర మరో జాబితా. అలా 1998 నుంచి 1985కి, అక్కడి నుంచి 1967కి వెనక్కి వెనక్కి వెళ్లగలిగేదాన్ని. ముందుకు వెళ్లే దారి మాత్రం నాకు లేదు. 1967 పత్రాన్ని 1999లో ఎవరు అందుకున్నారో ఆ పత్రంలో రాసి ఉండదు కదా. ఒకసారి మా మాస్టారిని అడిగితే, “ఆ విద్యలో ఉన్నవాళ్లకి ఉత్తరం రాసి అడగాలమ్మా” అన్నారు. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన ఈ ముందుకు వెళ్లే సూచికను 1964లోనే పుస్తకాల రూపంలో తెచ్చారని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఏడీఎస్‌లో ప్రతి పత్రం పేజీలోనూ పక్కపక్కనే రెండు మీటలు ఉంటాయి. ఒకటి ఆధారాలు, రెండోది సైటేషన్లు, అంటే ఈ పత్రాన్ని తర్వాత పేర్కొన్నవి. ఒకటి వెనక్కి, ఒకటి ముందుకి. ఆ రెండో మీట మొదటిసారి నొక్కినప్పుడు నాకు ఆ పాసింజరు బండి గుర్తుకు వచ్చింది.

మొదట పద్మనాభన్‌ను వెతికాం. తాను పద్మనాభన్ 1957లో తిరువనంతపురంలో పుట్టారు, పుణేలోని ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థలో పనిచేశారు, 2021 సెప్టెంబరులో మరణించారు. ఆ విద్యార్థిని వెతుకులాట పెట్టెలో ఇంటిపేరులా కనిపించే ‘పద్మనాభన్’ ఒక్కటే కొట్టింది. బారులు తీరి వచ్చిన పత్రాల్లో డజన్లకొద్దీ రచయితలున్న ఆకాశ సర్వేల పత్రాలు పైకి తేలాయి. అవి యేల్ విశ్వవిద్యాలయంలోని నిఖిల్ పద్మనాభన్‌వి. ఆయనా విశ్వశాస్త్రవేత్తే, వేరే మనిషి. మరికొన్ని హంసా పద్మనాభన్‌వి. ఆమె తాను పద్మనాభన్ కుమార్తె, ఆమెదీ ఇదే రంగం, తండ్రితో కలిసి కూడా రాశారు. ఒకే పేరు, ఒకే శాస్త్రం, ముగ్గురు మనుషులు. ఇక్కడ జాగ్రత్తపడకుండా మొత్తం లెక్క తీసి తెర మీద చూపించి ఉంటే ఒకరి పని మరొకరి ఖాతాలో వేసినదాన్ని అయ్యేదాన్ని. పేరు తర్వాత కామా పెట్టి మొదటి అక్షరం జోడించి, సంస్థ పేరుతో వడగట్టి, అనుమానం వచ్చినవి ఒక్కొక్కటిగా తెరిచి చూసి జాబితాను శుభ్రం చేయడానికి మాకు రెండు సాయంత్రాలు పట్టింది. అంత పనీ చేయించినందుకు ఏడీఎస్‌ను నేను తప్పుపట్టను. వడపోతకు కావలసిన పనిముట్లన్నీ ఎడమ పక్క వరుసలో ఇచ్చింది.

శుభ్రమైన జాబితాను తేదీల వారీగా పాతవి ముందు వచ్చేలా తిప్పితే మొదట కనిపించింది 1977 నాటి పత్రం, ‘ప్రమాణ’ అనే భౌతిక శాస్త్ర పత్రికలోది. అప్పటికి పద్మనాభన్ వయసు 20. తిరువనంతపురం యూనివర్సిటీ కాలేజీలో బి.ఎస్సీ. విద్యార్థి. ఆ అమ్మాయి ఆ సంవత్సరాన్ని, ఆయన పుట్టిన సంవత్సరాన్ని కాగితం మీద రాసి తీసివేత వేసుకుంది. ఆమెకు కూడా ఇరవయ్యే. ఆ తర్వాత ఆమె కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చుంది.

జాబితా మొత్తాన్ని ఎంచుకుని ‘మెట్రిక్స్’ నొక్కితే లెక్కల పేజీ వస్తుంది. ఎన్ని పత్రాలు, వాటిలో విద్వాంసుల పరిశీలన పొంది అచ్చయినవి ఎన్ని, మొత్తం సైటేషన్లు ఎన్ని, అందులో తన పత్రాలను తానే పేర్కొన్నవి ఎన్ని అని విడివిడిగా చూపిస్తుంది. కింద సూచికలు: హెచ్, జీ, ఐ10 ఇంకా కొన్ని. హెచ్ సూచికను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరికి కనీసం 30 సైటేషన్ల చొప్పున పొందిన పత్రాలు 30 ఉంటే హెచ్ 30. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ‘నార్మలైజ్డ్’ అనే వరుస. ఒక పత్రానికి వచ్చిన సైటేషన్లను ఆ పత్రం రాసినవారి సంఖ్యతో భాగిస్తుంది. కాస్మాలజీలో ఇది చాలా అవసరమైన భాగహారం. ప్లాంక్ ఉపగ్రహం ఫలితాల పత్రాన్ని నూరుమందికి పైగా కలిసి రాశారు. పద్మనాభన్ ముఖ్యమైన పత్రాల్లో చాలా వాటి మీద ఆయన పేరొక్కటే, లేదా ఇద్దరి పేర్లు. భాగించి చూస్తే తప్ప ఈ రెండు రకాల పనులను ఒక చోట పెట్టి మాట్లాడకూడదు.

ఆయన పత్రాల్లో అన్నిటికంటే ముందు నిలిచేది 2003లో ‘ఫిజిక్స్ రిపోర్ట్స్’లో వచ్చిన విశ్వ స్థిరాంకం సమీక్ష. 235వ పుట నుంచి 320వ పుట వరకు, 86 పుటలు. దాని సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. ఎందుకు అన్ని? 1998, 1999లలో సూపర్‌నోవాల మీద పనిచేసిన రెండు బృందాలు విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని చెప్పాయి. ఆ తర్వాత ప్రపంచమంతా ‘ఈ తోసే శక్తి ఏమిటి’ అన్న ప్రశ్న మీద పడింది. ఆ సమయానికి ఇతను మొత్తం సమస్యను ఒక చోట పేర్చి, సమీకరణాలతో సహా చేతికి అందించాడు. 2002 డిసెంబరులోనే ఆర్‌కైవ్ అనే, పత్రాల ముందస్తు ప్రతులు ఉంచే వెబ్‌సైటులో ఉచితంగా పెట్టాడు కూడా. ఏడీఎస్ పేజీలో ఆ ఆర్‌కైవ్ ప్రతికి నేరుగా మీట ఉంది. విజయనగరంలో రాత్రి 10 గంటలకు మా వంటింటి పక్క గదిలో, ఒక్క రూపాయి లేకుండా, 86 పుటలూ తెరుచుకున్నాయి.

అక్కడితో ఊరుకోలేదు. ఆ పత్రాన్ని పేర్కొన్నవారి జాబితాలో కొత్తవి కొన్ని తెరిచి, సరిగ్గా ఏ వాక్యం దగ్గర పద్మనాభన్ పేరు వచ్చిందో వెతికాం. ఇది సంఖ్య చెప్పని విషయం. ఎక్కువ పత్రాల్లో మొదటి పేరాలోనే, ‘విశ్వ విస్తరణ త్వరణం చెందుతోంది, దీనికి విశ్వ స్థిరాంకం ఒక వివరణ’ అన్న వాక్యం చివర, అర డజను పేర్ల మధ్య ఒక పేరుగా ఉంది. అంటే పెద్దవారికి నమస్కరించి లోపలికి వెళ్లినట్టు. కొద్ది పత్రాల్లో మాత్రం మధ్యలో, లెక్క నడుస్తున్న చోట వచ్చింది. అలాంటిది ఒకటి దొరికినప్పుడు ఆ అమ్మాయి పెన్సిలుతో గీత గీసి పక్కన ‘ఇది నిజం’ అని రాసుకుంది. మొదటివి అబద్ధమని నేను అనను. కానీ రెండింటికీ యంత్రం ఒకటే మార్కు వేస్తుంది. నార్లీకర్ విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపించింది. హాయిల్‌తోనూ బర్బిడ్జ్‌తోనూ కలిసి 1993లో ఆయన ముందుకు తెచ్చిన, మహా విస్ఫోటనంతో విశ్వం మొదలైందని ఒప్పుకోని ‘దాదాపు స్థిర స్థితి విశ్వం’ ప్రతిపాదనను పేర్కొన్నవారిలో ఒప్పుకోనివారూ ఉన్నారు. కాదనడానికి పేర్కొన్నా అది సైటేషనే. ఒక మనిషితో వాదించడానికి నలుగురు సమయం పెట్టారంటే అదీ ఒక రకం గౌరవమే అని నా అభిప్రాయం.

ఇక రాయ్‌చౌధురి. ఈ నెల రోజుల్లో నేను నేర్చుకున్నదంతా ఇక్కడే ఉంది.

అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ‘ఫిజికల్ రివ్యూ’లో ‘రిలెటివిస్టిక్ కాస్మాలజీ’ అనే పత్రం ప్రచురించారు. ఏడీఎస్ ప్రతి పత్రానికి 19 అక్షరాల గుర్తు ఇస్తుంది. దీని గుర్తు 1955తో మొదలై, సంపుటి 98, పుట 1123 మీదుగా, రచయిత పేరులోని ‘ఆర్’తో ముగుస్తుంది. ఆ ఒక్క గుర్తు చదివితే చాలు, పత్రం ఎక్కడుందో తెలిసిపోతుంది. పక్కపక్కన సాగుతున్న పదార్థపు దారులు గురుత్వం వల్ల ఎలా ఒకదాని వైపు ఒకటి వాలతాయో చెప్పే సమీకరణం ఇందులోది. పెన్‌రోజ్, హాకింగ్‌ల సింగ్యులారిటీ సిద్ధాంతాలు, అంటే కాలం, దేశం తెగిపోయే చోట్లు తప్పవని చెప్పేవి, ఆ సమీకరణం మీదే నిలబడ్డాయి. రాయ్‌చౌధురి మొత్తం పత్రాలు పద్మనాభన్ పత్రాల కంటే చాలా తక్కువ. కాబట్టి హెచ్ సూచికతో పోల్చితే ఆయన వెనకబడతారు. అమ్మాయి ముఖం చిన్నబోయింది.

అప్పుడు నేను వేరే రకంగా వెతకమన్నాను. ఏడీఎస్‌లో పేర్లలోనూ సారాంశాల్లోనూ మాత్రమే కాకుండా, తన దగ్గర పూర్తి పాఠం ఉన్న పత్రాలన్నిటిలోనూ ఒక మాటను వెతకవచ్చు. ‘రాయ్‌చౌధురి సమీకరణం’ అని ఇంగ్లీషులో, కొటేషన్ గుర్తుల మధ్య కొట్టించాను. వచ్చిన పత్రాలు 1955 పత్రానికి వచ్చిన సైటేషన్ల కంటే ఎక్కువ. నాలుగైదు తెరిచి చివరి జాబితా చూశాం. 1955 పత్రం లేనివే ఎక్కువ. ఎవరో రాసిన పాఠ్యపుస్తకం ఉంది, లేదా ఏదీ లేదు. న్యూటన్ నియమం వాడినవాళ్లు చివర న్యూటన్ పుస్తకాన్ని ఆధారంగా చూపరు కదా, అలాగన్నమాట. పని మరీ లోతుగా ఇంకిపోతే సైటేషన్ ఆగిపోతుంది, పేరు మాత్రం సమీకరణానికి అంటుకుని ఉంటుంది. సైటేషన్ల లెక్క ఎక్కడ చాలదో అదే సేవలో, అదే పెట్టెలో, రెండు వెతుకులాటలతో చూడగలగడం నాకు ఏడీఎస్‌లో అన్నిటికంటే నచ్చిన విషయం. ప్రసంగంలో ఈ రెండు వెతుకులాటలనే పక్కపక్కన తెర మీద చూపించాను. సూచికల పట్టిక చూపించలేదు.

లెక్కలు తీసేవారికి ఒక హెచ్చరిక. ఒకే మనిషికి మూడు చోట్ల మూడు సంఖ్యలు వస్తాయి. ఏడీఎస్ తన సంచయంలో ఉన్న పత్రాల నుంచి వచ్చిన సైటేషన్లనే లెక్కిస్తుంది. ఖగోళ, భౌతిక శాస్త్రాలు దానికి బలం. శుద్ధ గణిత పత్రికల నుంచి వచ్చేవన్నీ దానికి అందవు. ఇన్‌స్పైర్ అనే మరో ఉచిత సేవ కణ భౌతిక శాస్త్రవేత్తలది. సెర్న్, ఫెర్మీల్యాబ్ వంటి సంస్థలు కలిసి నడుపుతాయి. అందులో పత్రాలను సైటేషన్లు 500, ఆపైన వచ్చినవి, 250 నుంచి 499 వరకు వచ్చినవి, అలా తరగతులుగా విడదీసి చూపిస్తారు. పద్మనాభన్ వంటి సిద్ధాంతకారుడికి అది కూడా చూడాలి. 2004లో వచ్చిన గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలు, పుస్తకాలు, నెట్‌లో ఉన్న ప్రతులు అన్నీ కలుపుకుంటుంది కాబట్టి అక్కడ సంఖ్య పెద్దదిగా కనిపిస్తుంది. ఎక్కడి సంఖ్య రాస్తున్నారో, ఏ రోజు చూశారో పక్కన రాయకపోతే ఆ సంఖ్యకు అర్థం లేదు.

ఒక రాత్రి ఉత్సాహం ఆగక, రచయితల చిరునామాల్లో మన ఊరి పేరు వెతికాను. ఇంగ్లీషులో మన విజయనగరానికి ‘జెడ్’ అక్షరం పడాలి. మొదట ఆ పేరు, తర్వాత రాజాం, తర్వాత టెక్కలి. మన ఇంజనీరింగు కళాశాలల గణిత శాఖల నుంచి రాసిన కాస్మాలజీ పత్రాలు వరుసగా వచ్చాయి. బియాంకీ నమూనాలు, విశ్వ తంతువులు, స్నిగ్ధత (చిక్కదనం) గల ద్రవాలు, బ్రాన్స్-డిక్కీ గురుత్వ సిద్ధాంతం. బియాంకీ నమూనాలంటే 1898లో లుయీజీ బియాంకీ అనే ఇటలీ గణితవేత్త తొమ్మిది రకాలుగా వర్గీకరించిన జ్యామితులు; అన్ని దిక్కులా ఒకేలా లేని విశ్వాలను లెక్కించడానికి వాడతారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్లైడ్ మ్యాథమెటిక్స్ శాఖలో దశాబ్దాలుగా సాగిన సంప్రదాయం శ్రీకాకుళం, విజయనగరం కళాశాలల దాకా పాకింది. రాజాం చిరునామాతో పాత పత్రాల్లో శ్రీకాకుళం జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తర్వాత అది మా జిల్లాలోకి వచ్చింది. ఇంకో సంగతి చూశాను. 2011లో హార్కో బృందం ప్రతిపాదించిన ఎఫ్(ఆర్,టి) గురుత్వ సిద్ధాంతానికి విపరీతంగా సైటేషన్లు ఉన్నాయి. ఆ సైటేషన్లలో మన రెండు జిల్లాల పత్రాలూ ఉన్నాయి. పెద్ద సంఖ్యను దూరం నుంచి చూస్తే ఒక పేరే కనిపిస్తుంది. విప్పి చూస్తే అందులో రాజాం ఉంది, టెక్కలి ఉంది.

మన పేర్ల సంగతి మాత్రం నన్ను బాధించింది. మనకు ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలు ముందు. పత్రికలేమో చివరి మాటనే వంశనామంగా తీసుకుంటాయి. దాంతో రావులు, రెడ్డిలు, నాయుళ్లు అందరూ ఒకే కుప్పలో పడతారు. ఆడవాళ్లకు పెళ్లయ్యాక పొడి అక్షరాలే మారిపోతాయి. 2012 నుంచి ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా ఇస్తున్నారు. ఏడీఎస్ దాన్ని గుర్తిస్తుంది, మీ పత్రాలను ఆ సంఖ్యకు జోడించుకోవచ్చు. పరిశోధనలో అడుగుపెడుతున్న పిల్లలు మొదటి పత్రం పంపే ముందే అది తీసుకోండి, పేరు ఒకే రకంగా రాయండి. మీ గైడు చెప్పకపోతే మీరే చేసుకోండి.

నాకు ఆ సంఖ్య లేదు. నా ఒకే ఒక పత్రం మా మాస్టారితో కలిసి రాసింది, పుట్టింటి పొడి అక్షరాలతో అచ్చయింది. తర్వాత ఉద్యోగం, పిల్లలు, మామయ్య గారి అనారోగ్యం, పరిశోధన అక్కడే ఆగింది. ఆ పాత అక్షరాలతో వెతికితే దొరికింది. పక్కన సైటేషన్లు: 3. రెండు మొదటి పేరా రకం. మూడోది మహారాష్ట్రలో విదర్భ వైపు ఒక కళాశాల అధ్యాపకులు రాసినది. వాళ్లు మా క్షేత్ర సమీకరణాల పరిష్కారాన్ని తీసుకుని, మేము వదిలేసిన స్నిగ్ధత పదాన్ని కలిపి, మళ్లీ లెక్క కట్టారు. స్నిగ్ధత సున్నా చేస్తే మా ఫలితమే వస్తుందని ఒక వాక్యంలో రాశారు. అది అచ్చయి పదేళ్లు దాటింది. మా మాస్టారు ఇప్పుడు లేరు. ఆ వాక్యాన్ని నేను కాగితం మీద ఎక్కించి ఆయన ఇచ్చిన పాత నోటు పుస్తకంలో పెట్టుకున్నాను.

అందుకే సైటేషన్లను సరుకుగా చూసేవాళ్లంటే నాకు కోపం. మా సహోద్యోగి ఒకరికి ఎవరో ఏజెన్సీ నుంచి ఫోన్ చేసి, ఇంత సొమ్ము ఇస్తే ఇన్ని సైటేషన్లు తెప్పిస్తామన్నారు. ఆయన వెంటనే ఫోన్ పెట్టేశారు. పదోన్నతి పత్రాల్లో గడి నింపాలన్న ఒత్తిడి ఉందని నాకు తెలుసు. కానీ కొన్న సైటేషన్ వెనక ఎవరూ చదివి ఉండరు.

వాడకం గురించి మిగిలినవి. పాత ఖగోళ పత్రికల పుటలు ఎన్నో స్కాన్ చేసి పెట్టారు; నార్లీకర్ 1960లలో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో రాసినవి అచ్చు అక్షరాలతో చదువుకున్నాను. నెట్‌వర్కు మందగించిన రోజు హంగులు లేని సాదా రూపానికి మారితే పని జరిగింది. ఫోనులోనూ తెరుచుకుంటుంది కానీ మెట్రిక్స్ పేజీకి కంప్యూటర్ ఉండాలి. వెతికే పద్ధతికి మొదట్లో కొంత ఓపిక కావాలి. కామా ఎక్కడ, కొటేషన్ ఎక్కడ అన్నది అలవాటయ్యే దాకా తప్పు జాబితాలే వస్తాయి. తెలుగులో సహాయ పుటలు లేవు. అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు గణిత పత్రికలకు పట్టుకున్నాను.

ఖాతా తెరిస్తే ‘మై ఏడీఎస్’ అనే సౌకర్యం ఉంది. మీరు చెప్పిన పత్రానికి కొత్త సైటేషన్ వస్తే మెయిలు పంపుతుంది. ఆ అమ్మాయి పద్మనాభన్ 1977 పత్రానికి పెట్టుకుంది. నేను రాయ్‌చౌధురి 1955 పత్రానికి పెట్టుకున్నాను. పోయిన వారం మెయిలులో రెండు వచ్చాయి. ఒకటి తెరిచాను, పేరు మూడో విభాగంలో, లెక్క మధ్యలో ఉంది. రెండోది ఆదివారం అమ్మాయి వచ్చాక చూస్తాం.